ఫుల్ చార్జి ఎవరి దగ్గరుంది?

మొల్లేరుపాడులో ఉద్యోగులకు ఇళ్ళు లేవన్న సంగతి ప్రభుత్వానికి ఎప్పటినుంచో తెలుసు. తెలిసిన సంగతే కాబట్టి దాని గురించి ఎవరూ తొందరపడలేదు. కొండల మధ్య ఊరు. ఉన్న ఇళ్ళు ఊళ్ళోవాళ్ళకే చాలవు. అక్కడికి బదిలీ అయిన ఉద్యోగి ఎవరైనా పొద్దున్న బస్సు దిగి, హాజరు వేసుకుని, అదే బస్సు తిరిగి వెళ్ళేటప్పుడు దాంట్లోనే ఎక్కేసేవాడు. ఇలా కొన్నేళ్ళు సుఖంగా గడిచాక, ఉద్యోగుల వసతి విభాగంలో ఒక పెద్దాఫీసరుగారు భోజనం చేసి సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూశారు. అందులో ఎవరో తెల్లదంపతులు పాత బస్సుని ఇల్లుగా మార్చుకుని, దాంట్లోనే వండుకుని, దాంట్లోనే పడుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. ఆఫీసరుగారికి ఆ నవ్వు నచ్చింది. మర్నాటికల్లా పథకం తయారైంది. దానికి 'సంచార స్థిర నివాస పథకం' అని పేరు పెట్టారు. సంచారమూ స్థిరమూ ఒకచోట ఎలా కుదురుతాయని అడిగిన గుమాస్తాకి వేరే సీటు చూపించారు.

ఆ పథకం కింద మొదటి బస్సు మొల్లేరుపాడు పశువైద్యశాల ఆవరణలోకి వచ్చి ఆగింది. మళ్ళీ కదలకుండా చక్రాల కింద ఇటుకలు పెట్టారు. లోపల సీట్లు పీకేసి ఒక మంచం, వంటగట్టు, ఫ్యాను, మూడు లైట్లు, చిన్న ఫ్రిజ్జు అమర్చారు. చక్రాలున్న ఇంటికి మీటరు ఇవ్వడం కుదరదని కరెంటువాళ్ళు చెప్పడంతో, బస్సు పైన సోలార్ పలకలు వేసి, కింద బ్యాటరీలు పెట్టాలని తీర్మానించారు.

ఆ బస్సు దక్కింది డాక్టర్ వకుళకి. ఆమె అక్కడి పశువైద్యాధికారి. ఆమె భర్త త్రినాథ్ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మొన్నటిదాకా ఆమె ఉద్యోగం ఇచ్ఛాపురంలో, అతని ఉద్యోగం సూళ్ళూరుపేటలో. రాష్ట్రానికి ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. ఆరేళ్ళ కాపురంలో వాళ్ళు ఎక్కువసేపు కలిసి గడిపింది విజయవాడ స్టేషన్లోనే. చివరికి భార్యాభర్తల కోటాలో ఇద్దరినీ మొల్లేరుపాడు వేశారు. అయితే ఒక షరతు పెట్టారు. ఇద్దరూ ఆ ఊళ్ళోనే ఒకే నివాసంలో ఉండాలి. మే నెలాఖరున తనిఖీకి వస్తారు. అలా ఉండటం లేదని తేలితే త్రినాథ్ మళ్ళీ సూళ్ళూరుపేట వెళ్ళాల్సిందే. ఊళ్ళో ఇల్లు లేదు. ఉన్నది ఈ బస్సే.

బ్యాటరీలు కొనడానికి జిల్లా ఆఫీసు నుంచి పరిపాలనాధికారి వజ్రపాణి గారు స్వయంగా వచ్చారు. బ్యాటరీల ఎంపిక కమిటీకి ఆయనే అధ్యక్షుడు, ఆయనే సభ్యుడు. ఆయనకి కాఫీ అలవాటు లేదు, పేకాట తెలియదు, నిబంధనలు తప్ప మరో వ్యసనం లేదు. వకుళని వెంటబెట్టుకుని పట్నంలో అబ్బులు కొట్టుకి వెళ్ళారు.

"రెండు రకాలుంటాయండి," అన్నాడు అబ్బులు. "ఇదేమో లిథియమండి. నీళ్ళు పొయ్యక్కర్లేదు, చాలామటుకు వాడేసుకున్నా ఏమనదు, పదేళ్ళు వచ్చేద్దండి. ధర మటుకు ఎక్కువ. ఇదేమో మామూలు సీసం బ్యాటరీ. నీళ్ళు చూసుకోవాలి, సగం కన్నా కిందకి వాడకూడదు. బాగా చూసుకుంటే నాలుగేళ్ళు, చూసుకోకపోతే మీ అదృష్టమండి."

వజ్రపాణి గారు లిథియం బ్యాటరీని లేపి చూశారు. సులువుగా లేచింది. ఆయన ముఖం ముడుచుకుంది.

"ఇంత తేలిగ్గా ఉందేమిటి? లోపల సరుకు పూర్తిగా పెట్టారా?"

"దాని గొప్పే అదండి. తేలిక."

"ఎవరికయ్యా గొప్ప? అంత డబ్బు పోసి కొన్నప్పుడు ప్రభుత్వానికి చేతికేదైనా తగలాలి కదా?" అని ఆయన రెండు బ్యాటరీలనీ కాటా ఎక్కించమన్నారు. కిలో ఎంత పడుతుందో లెక్క వేశారు. సీసం బ్యాటరీ కూరగాయల్లా చవగ్గా తేలింది, లిథియం బంగారంలా తేలింది. "నాలుగు బరువైనవి ఇవ్వు," అన్నారు. ఇందులో ఎంత విద్యుత్తు పడుతుందన్న ప్రశ్న కమిటీ ముందుకు రాలేదు.

బ్యాటరీల్ని ఎలా చూసుకోవాలో అబ్బులు చెబుతుంటే, ఆయన ఒక్క అక్షరం వదలకుండా రాసుకున్నారు.

"ఎప్పుడూ ఫుల్ చార్జిలో ఉంచాలండి. సగానికి మించి డిశ్చార్జి చెయ్యకూడదు. అడుగంటా లాగేసేరనుకోండి, ఇంక లేవవు. నెలకోసారి నీళ్ళు చూడాలి. ముఖ్యంగా, కలిపి కట్టినవన్నీ ఒకే కంపెనీవి, ఒకే వయసువి అయ్యుండాలండి. కొత్తదాన్ని తీసుకెళ్ళి పాతదాని పక్కన కట్టేరనుకోండి, కొన్నాళ్ళకి పాతది కొత్తదాన్ని కూడా తనలాగే చేసేద్ది."

"మా ఆఫీసులోనూ అంతే," అన్నారు వజ్రపాణి గారు. ఆ రోజు మొత్తం మీద ఆయన అన్న తెలివైన మాట అదొక్కటే.

"మరి ఫ్యానూ ఫ్రిజ్జూ కూడా అదే కంపెనీవి కొనాలా?" అని అడిగింది వకుళ.

"అబ్బే, లోడుకి ఆ పట్టింపుల్లేవమ్మా. లోడు ఏ కంపెనీదైనా, ఎంత పాతదైనా తగిలించేసుకోవచ్చు. ఈ పత్యాలన్నీ బ్యాటరీలకే."

వజ్రపాణి గారు అది కూడా రాసుకున్నారు.

తర్వాత కొన్నాళ్ళు బస్సు స్వర్గంలా ఉంది. ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్జులో పెరుగు పులవకుండా నిలిచింది. త్రినాథ్ కిటికీల బయట డబ్బాల్లో మొక్కలు వేలాడదీశాడు. అతనికి గురక ఉందని వకుళకి పెళ్ళయిన ఆరేళ్ళకి ఆ బస్సులోనే తెలిసింది. మొదటి రెండు రోజులు విసుక్కుంది. తర్వాత అది వినబడకపోతే నిద్ర పట్టని స్థితికి వచ్చింది.

ఒకరోజు ఆమె పశువుల పాకలో ఈనలేక అవస్థ పడుతున్న గేదె దగ్గర ఉంది. కుడిచెయ్యి భుజం దాకా గేదె లోపల ఉంది. ఫోను మోగింది. గేదె ఆసామి ఫోను తీసి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"డాక్టరుగారూ, నేను వజ్రపాణిని. వాహనాల వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తున్నాం. మీ బస్సు ఫుల్ చార్జి ఎవరి దగ్గరుంది?"

వకుళకి అప్పుడు దూడ కాలు చేతికి తగిలింది. మనసంతా దాని మీద ఉంది. పొద్దున్నే బ్యాటరీ మీటరు చూసిన సంగతి గుర్తొచ్చింది.

"బ్యాటరీల దగ్గరే ఉంది సార్! ఫుల్ చార్జి!"

"నాలుగింటి దగ్గరా?"

"నాలుగింటి దగ్గరా ఉంది సార్!"

"విడివిడిగానా, ఉమ్మడిగానా?"

"అన్నీ కలిపే కట్టారు కదా సార్!"

"సంతోషం," అని ఫోను పెట్టేశారు. దూడ క్షేమంగా బయటపడింది. వకుళ ఆ ఫోను సంగతి అక్కడే మరిచిపోయింది.

వారం తిరగకుండా జిల్లా ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. 'సదరు వాహనము యొక్క ఫుల్ చార్జి బ్యాటరీలు నలుగురి వద్ద ఉమ్మడిగా ఉన్నందున, వాహనమందలి నివాసులు సమస్త విషయములలోను వారి అనుమతి పొంది నడుచుకొనవలెనని తెలియజేయడమైనది.'

వకుళ ఆ కాగితం పట్టుకుని నేరుగా జిల్లా ఆఫీసుకి వెళ్ళింది.

"సార్, బ్యాటరీలంటే బ్యాటరీలు సార్."

"తెలుసమ్మా. నేనే కదా కొన్నాను."

"వాటికి చార్జి అంటే కరెంటు సార్."

వజ్రపాణి గారు జాలిగా చూశారు. "అమ్మా, మీరు పశువుల డాక్టరు. నేను ముప్ఫై ఏళ్ళుగా ఈ ఆఫీసులో ఉన్నాను. చార్జి తీసుకోవడం చూశాను, ఇవ్వడం చూశాను. అదనపు చార్జి చూశాను, చార్జి మెమో చూశాను. కరెంటుని మాత్రం కరెంటనే అంటారు. నేను ఫోనులో స్పష్టంగా చార్జి అని అడిగాను. మీరూ స్పష్టంగా చార్జి అనే అన్నారు."

"పొరపాటు సార్. దయచేసి నా పేరు రాసెయ్యండి."

"ఎలా రాస్తానమ్మా? కంప్యూటర్లో ఎక్కేసింది. చార్జిలో ఉన్నవారు డిశ్చార్జి అయితే తప్ప ఇంకొకరి పేరు తీసుకోదు. అది నా చేతిలో లేదు."

"అయితే మేం ఫ్యాను వేసుకోవాలంటే?"

"ఇన్‌చార్జి వారికి అర్జీ పెట్టుకోండి."

"బ్యాటరీలు మాట్లాడవు సార్!"

"మా పెద్దాఫీసరుగారు మాత్రం మాట్లాడతారా? అర్జీ పెట్టి రెండు వారాలు చూడండి. బదులు రాకపోతే ఆమోదించినట్టే. ఇక్కడ అందరం అలాగే బతుకుతున్నాం."

ఆ రోజు నుంచి దంపతులు గాలికి ముందుగా అర్జీ పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఉగాది వెళ్ళగానే ఏప్రిల్ నెలాఖరు ఫ్యాను కోసం రాశారు. త్రినాథ్ ప్రతి అర్జీనీ బ్యాటరీ పెట్టె మూతలో దూర్చి, చేతులు కట్టుకుని ఒక నిమిషం నిలబడేవాడు. మొదట్లో వేళాకోళానికే అలా చేశాడు. తర్వాత అలవాటైపోయింది. ఒకసారి చెప్పులు కూడా విప్పాడు.

అర్జీలు ఒక్కటీ తిరస్కరించకపోవడం చూసి ఇన్‌చార్జి అధికారుల మీద జిల్లా ఆఫీసులో మంచి అభిప్రాయం ఏర్పడింది. లంచం అడగరు, సెలవు పెట్టరు, పిలిచినప్పుడు సీట్లోనే ఉంటారు. ఇతర మండలాల వాళ్ళకి వాళ్ళని ఆదర్శంగా చూపించారు. ఒక సమావేశానికి పిలిచారు కూడా. బరువు కారణంగా రాలేకపోయారని రాసుకున్నారు.

ఇంతలో ఆడిట్‌వాళ్ళు ఒక ఆక్షేపణ లేవదీశారు. ఫ్యాను వేసిన ప్రతిసారీ బ్యాటరీలు కొంత డిశ్చార్జి అవుతున్నాయి. 'ఇన్‌చార్జి అధికారులను పాక్షికముగానైనను డిశ్చార్జి చేయు అధికారము తమకు ఎవరు దఖలు పరచిరి?' అని వకుళని సంజాయిషీ అడిగారు. సగం వరకు చెయ్యవచ్చని కమిటీ నిబంధనల్లోనే ఉందని ఆమె బదులు రాసింది. వజ్రపాణి గారు తన కాగితాలు తిరగేసి అవునన్నారు. ఆడిట్ ఊరుకుంది. వకుళకి అప్పటికి ఈ భాష కొంచెం కొంచెం వంటపట్టింది.

వచ్చిన చిక్కల్లా నీళ్ళతో వచ్చింది. బ్యాటరీల్లో పొయ్యడానికి అబ్బులు డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు ఇచ్చాడు. వజ్రపాణి గారు నెలవారీ తనిఖీకి వచ్చి ఆ డబ్బాలు చూసి నొచ్చుకున్నారు.

"ఏమిటిది? ఆ హోదాలో ఉన్నవారికి ఇలాంటి డబ్బాల్లో నీళ్ళా? మొన్న సమావేశంలో అటెండర్లకి కూడా మినరల్ వాటర్ ఇచ్చాం."

"మినరల్ వాటర్ పోస్తే పాడైపోతాయి సార్. అందులో లవణాలుంటాయి."

"లవణాలుంటే మంచిదే కదమ్మా! ఎండాకాలం," అని ఆయన కారులోంచి సీసాలు తెప్పించారు. వకుళ అడ్డుపడేలోపు ఎవరికీ తక్కువ కాకుండా ఒక్కొక్కరికీ ఒక్కో గ్లాసు చొప్పున తన చేత్తోనే పోశారు.

నాలుగింటిలో మూడోది తట్టుకోలేకపోయింది. మే నెల వచ్చేసరికి దానికి ఎంత ఎండ తగిలినా చార్జి ఎక్కడం మానేసింది. వకుళ పిలిస్తే అబ్బులు వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఇది పోయిందమ్మా. దీన్నిలా వదిలేస్తే పక్కవాటి చార్జి కూడా లాగేస్తాది. తీసేసి పక్కన పెట్టేయండి. మిగతావి కూడా ఎన్నో రోజులుండవు, నాలుగూ మార్చేసుకుంటే హాయి."

ఇన్‌చార్జి అధికారిని తీసి పక్కన పెట్టడం వకుళ చేతిలో లేదు. జిల్లా ఆఫీసుకి రాసింది. ఆఫీసు ఎన్నడూ లేనంత వేగంగా కదిలింది. 'తమకు అప్పగించిన చార్జిని నిలుపుకొనుటలో విఫలమైనందున' మూడో బ్యాటరీకి చార్జి మెమో ఇచ్చారు. బదులు రాలేదు. వజ్రపాణి గారు ఫోనులో బాధపడ్డారు.

"ఇంతకాలం బదులు రాకపోతే ఆమోదించినట్టే అనుకున్నాం. అలా చూస్తే నేరం కూడా ఒప్పుకున్నట్టే కదమ్మా! సస్పెండ్ చెయ్యక తప్పలేదు."

"పోనీ మంచిదే సార్. ఇప్పుడు దాన్ని బస్సులోంచి తీసేస్తాను."

"అయ్యయ్యో! సస్పెన్షన్లో ఉన్నవారు హెడ్‌క్వార్టర్స్ వదలకూడదు. విచారణ అయ్యేదాకా అక్కడే ఉండాలి. జీవనభృతి కింద సగం చార్జి ఇస్తూ ఉండండి. ఉమ్మడి చార్జి కాబట్టి సస్పెన్షన్ కూడా ఉమ్మడిగానే వేశాం. మిగతా ముగ్గురికీ సగమే."

అంతటితో గాలి ఆగింది. సోలార్ పలకల్లో సగం వాటికి వైర్లు ఆఫీసువాళ్ళే వచ్చి ఊడదీసి వెళ్ళారు. ఉన్న సగాన్నీ మూడోది తాగేస్తోంది. ఫ్యాను రెక్కలు ఎన్ని ఉన్నాయో తిరుగుతుండగానే లెక్కపెట్టవచ్చు. ఫ్రిజ్జులో పాలు విరిగాయి. రేకు బస్సు, మే నెల ఎండ. మధ్యాహ్నం లోపలికి వెళ్ళి గిన్నె ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. త్రినాథ్ మొక్కలు వేలాడదీసిన చోటే ఎండిపోయాయి. అతని ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి.

"వకుళా, తనిఖీవాళ్ళు వచ్చి దీన్ని చూస్తే ఇది మనుషులుండే ఇల్లు కాదని రాసేస్తారు," అన్నాడతను తడిగుడ్డ మెడకి చుట్టుకుని. "నన్ను సూళ్ళూరుపేట పంపించేస్తారు. నాకు తెలుస్తూనే ఉంది."

"వెళ్ళిపోతారా మీరు?"

"నేనెక్కడ వెళ్తానన్నాను? పంపిస్తారంటున్నాను."

వకుళకి ఏడుపు వచ్చింది. ఆరేళ్ళు స్టేషన్లో కాఫీ తాగి బండెక్కి వెళ్ళిపోయిన కాపురం మళ్ళీ స్టేషన్‌కే చేరుతుందేమోనని భయం వేసింది. గురక లేని నిద్ర ఎలా ఉంటుందో ఊహించుకుని ఇంకా భయపడింది.

మర్నాడు ఆమె మేకలకి టీకాలు వేస్తుండగా, ఒక మేక పట్టు తప్పించుకుని పారిపోయింది. దాన్ని పట్టుకున్న ముసలాయన, "ముందున్నదాన్ని వదిలితే గాని వెనకది రాదండి, వరస అట్టాగే ఉంది," అన్నాడు. ఆమె సిరంజి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చార్జిలో ఉన్నవారు డిశ్చార్జి అయితే తప్ప ఇంకొకరి పేరు తీసుకోదు. ఆ మాట అన్నది వజ్రపాణి గారే. వెంటనే అబ్బులుకి ఫోను చేసింది.

"అబ్బులుగారూ, బ్యాటరీలు నాలుగూ పూర్తిగా, చుక్క మిగలకుండా డిశ్చార్జి కావాలంటే ఏం చెయ్యాలి?"

"చంపేస్తారామ్మా?" అన్నాడు అబ్బులు.

"ఎలాగూ పోయేవే అన్నారు కదా."

"అదీ నిజమే లెండి. సోలార్ వైరు పీకేసి, చార్జి తగ్గితే దానంతటదే ఆపేసే ఇన్వర్టర్ కటాఫ్ నేనొచ్చి తీసేస్తాను. ఇస్త్రీపెట్టె పెట్టండి. దాని కన్నా రాక్షసి లేదు."

ఆదివారం పొద్దున్నే కార్యక్రమం మొదలైంది. ఫ్యాను వేశారు. పట్టపగలు మూడు లైట్లూ వేశారు. ఫ్రిజ్జు తలుపు తీసి పెట్టారు. త్రినాథ్ ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఇస్త్రీ చేశాడు. అవి అయిపోయాక కర్టెన్లు చేశాడు, తువ్వాళ్ళు చేశాడు, మేజోళ్ళు కూడా వదల్లేదు. సంగతి తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళు నానబెట్టిన మినప్పప్పు గిన్నెలతో వచ్చి మిక్సీ దగ్గర వరసకట్టారు. ఒకావిడ పెళ్ళిచీరలు ఇస్త్రీకి తెచ్చింది. ఎవరో మైకు సెట్టు కూడా తెచ్చి తగిలించి పాటలు పెట్టారు. ఎవర్నీ అర్జీ అడగలేదు. బస్సు వచ్చిన దగ్గర్నుంచీ అంత సందడిగా ఎప్పుడూ లేదు. సాయంత్రం అయ్యేసరికి పాట సాగి, సాగి, ఒకచోట మూలిగి ఆగిపోయింది. మిక్సీలో గారెల పిండి సగంలో ఉండిపోయింది. అబ్బులు మీటరు పెట్టి చూసి తల మీద గుడ్డ తీసేశాడు.

సోమవారం వకుళ జిల్లా ఆఫీసులో వజ్రపాణి గారి ముందు కూర్చుంది.

"ఇన్‌చార్జి అధికారులు నలుగురూ నిన్నటితో పూర్తిగా డిశ్చార్జి అయిపోయారు సార్. స్థానం ఖాళీగా ఉంది. నేను చార్జి తీసుకున్నాను."

వజ్రపాణి గారు కంప్యూటర్లో చూశారు. ఆమె పేరు కొడితే మారు మాట్లాడకుండా తీసుకుంది. అయినా ఆయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"సగానికి మించి డిశ్చార్జి చెయ్యకూడదన్న నిబంధన ఉందే?"

"నేను సగమే చేశాను సార్. మిగతా సగం సస్పెన్షన్ పెట్టి మీరే చేశారు."

ఆయన కళ్ళు మెరిశాయి. ముప్ఫై ఏళ్ళలో అంత చక్కటి సమాధానం ఆయన ఎవరి నోటా వినలేదు. "మీరు పశువుల శాఖలో ఉండవలసినవారు కాదమ్మా," అన్నారు గౌరవంగా.

ఆ విధంగా బస్సు ఫుల్ చార్జి వకుళ దగ్గరికి వచ్చింది. బస్సులో మాత్రం చార్జి అనేదే లేదు. అయితే చార్జి ఉన్నవారికి అవసరమైన వస్తువులు కొనే అధికారం ఉంటుంది. ఆమె ఈసారి లిథియం తెమ్మని అబ్బులుకి చెప్పింది. కిలో ధర దగ్గర మళ్ళీ పేచీ వస్తుందని, అబ్బులు ఆ పెట్టెలోనే ఒక రుబ్బురోలు కూడా పెట్టి కాటా ఎక్కించాడు. రసీదు చూసి, ఈసారి బాగా బరువైనవి దొరికాయని వజ్రపాణి గారు మెచ్చుకున్నారు.

ఫ్యాను గిర్రున తిరిగింది. నీళ్ళు పొయ్యక్కర్లేదు, అర్జీలు లేవు. ఇక తనిఖీ ఒక్కటే మిగిలింది అనుకుంటుండగా, దానికి ముందురోజు వజ్రపాణి గారు కారు దిగారు. చేతిలో పాత నిబంధనలే ఉన్నాయి.

"డాక్టరుగారూ, ఇప్పుడు చార్జి మీ దగ్గరుంది కాబట్టి చార్జి ఉన్నవారి నిబంధనలన్నీ మీకు వర్తిస్తాయి. నెలకోసారి మినరల్ వాటర్ నేనే పంపిస్తాను, అది పర్లేదు. కానీ ఈ నిబంధన చూడండి. కలిపి కట్టినవారందరూ ఒకే కంపెనీ, ఒకే వయసు అయ్యుండాలి. మీవారు విద్యాశాఖ. మీరు పశుసంవర్ధక శాఖ. పైగా ఆయన మీకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఆయన్ని మీతో కలిపి కట్టడానికి వీల్లేదు."

"ఆయన నాకు తాళి కట్టి ఆరేళ్ళయింది సార్! మూడు ముళ్ళు వేశారు!"

"అది ఈ నిబంధనకి ముందు జరిగింది. నేను మీకు చెడు కోరేవాణ్ణి కాదమ్మా. పాతది పక్కనుంటే కొత్తది పాడైపోతుందని వ్యాపారస్తుడే చెప్పాడు. రేపు తనిఖీవాళ్ళు అడిగితే నేనేం చెప్పను?"

త్రినాథ్ వెళ్ళి బీరువా మీద నుంచి సూట్‌కేసు దించాడు. ఆ సూట్‌కేసు చూడగానే వకుళకి విజయవాడ స్టేషను మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. కోపం వచ్చింది. చెయ్యి సాచి వజ్రపాణి గారి చేతిలో కాగితాలు లాక్కుంది. చివరి కాగితం చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, మెత్తగా అడిగింది.

"ఈ నిబంధన బ్యాటరీలకి కదా సార్?"

"చార్జి ఉన్నవారికి."

"ఆయన దగ్గర చార్జి ఉందా?"

"లేదు."

"అయితే ఆయన లోడు సార్."

వజ్రపాణి గారు కళ్ళజోడు సర్దుకుని తన చేతిరాతే చదువుకున్నారు. 'లోడు ఏ కంపెనీదైనను, ఎంత పాతదైనను తగిలించుకొనవచ్చును.' రెండోసారి చదివారు. ముఖం విప్పారింది. జేబులోంచి పెన్ను తీసి, బస్సు తలుపు దగ్గర వేలాడుతున్న సామాన్ల పట్టికలో తన గుండ్రటి అక్షరాలతో ఒక వరస చేర్చారు. మర్నాడు తనిఖీకి వచ్చిన ఇద్దరూ ఆ పట్టిక చదివి, బస్సులోకి తొంగి చూసి, అన్నీ ఉన్నాయో లేవో సరిచూసుకున్నారు. ఫ్యాను ఒకటి, లైట్లు మూడు, ఫ్రిజ్జు ఒకటి, భర్త ఒకరు. అన్నీ పనిచేస్తున్న స్థితిలో ఉన్నాయని రాసి సంతకాలు పెట్టి వెళ్ళారు.

వాళ్ళ కారు మలుపు తిరిగాక త్రినాథ్ ఆ పట్టిక ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"లోడా నేను?"

"నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ తెలుసు," అంది వకుళ సూట్‌కేసు మళ్ళీ బీరువా మీదికి ఎక్కిస్తూ. "ఇప్పుడు ప్రభుత్వం కూడా ఒప్పుకుంది. భోంచేసి పడుకోండి."

అతను భోంచేసి పడుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది. పట్టికలో ఉన్న లోడులన్నిటికీ గోడ మీద ఒక్కో స్విచ్చి ఉంది, దీనికి మాత్రం లేదు. వకుళ ఫ్యాను ఇంకొంచెం పెంచి, ఆ గురక వింటూ పక్కనే ఒరిగింది.